పొట్లం మీది ముఖం

మా నాయన చనిపోయిన తర్వాత కూడా నాకు దాదాపు రోజూ కనిపించేవాడు. తిరుపతి బస్టాండు దగ్గర చిల్లర అంగళ్ళలో, షాంపూ సరాల పక్కన, తలనొప్పి మాత్రల పట్టీల కింద, గులాబీ రంగు పొట్లాల దండలో వేలాడుతూ ఉండేవాడు. తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన నల్లకోటు, కొద్దిగా ఎడమకు తిరిగిన చూపు. కింద 'తలపాగా పళ్ళపొడి' అని అక్షరాలు. గాలి వీస్తే దండ మొత్తం తిరిగేది. నాయన అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేవాడు. సర్వేయరుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ ఊళ్ళో బస్సు దిగినా ముందు ఆ దండ ఉందా అని చూసుకోవడం నాకు అలవాటు. ఉంటే ఆ ఊరు పరాయిదనిపించేది కాదు.

ఇప్పుడు అంగళ్ళ వైపు చూడను. తల వంచుకుని నడుస్తాను. ఎందుకో రాసి పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

పాత సంగతి ముందు చెప్పాలి. నాయన, చిన్నాయన కలిసి చిత్తూరు బజారు వీధిలో చిన్న అంగడి నడిపేవారు. కరక్కాయ, లవంగం, ఉప్పు, కాస్త కావిమన్ను కలిపి దంచి, జల్లించి, పళ్ళపొడి చేసి కాగితం పొట్లాల్లో కట్టి అమ్మేవారు. ఆ రోజుల్లో మా వైపు సరుకు తయారుచేసేవాడు తన ఫోటోనే గుర్తుగా వేసుకునేవాడు. ఇంగువ డబ్బా మీద, ముక్కుపొడి రేకు మీద, సాంబ్రాణి పెట్టె మీద ఎవరో ఒక యజమాని బిగుసుకుని కూర్చుని ఉండేవాడు. సరుకులో తేడా వస్తే ఈ ముఖాన్ని పట్టుకుని అడగండి అని దాని అర్థం. కొనేవాళ్ళలో చదవను రానివాళ్ళే ఎక్కువ. వాళ్ళకు పేరుతో పనిలేదు, ముఖం చాలు.

నాయన ఫోటో తీయించుకోవడానికి వెళ్ళిన స్టూడియోలో ఒక కోటు, చుట్టి కుట్టిపెట్టిన ఒక తలపాగా ఉండేవి. ఎవరు వచ్చినా అవే. సేద్యగాడైనా, బట్టల వ్యాపారైనా, కొత్త పెళ్ళికొడుకైనా ఆ కోటులో దూరి, ఆ తలపాగా నెత్తిన పెట్టుకుని కూర్చునేవాడు. మా నాయన జీవితంలో తలపాగా పెట్టుకున్నది ఆ ఒక్కసారే. తర్వాత స్టూడియో ఆయన నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు చెరిపి, మీసం దిద్ది, అందరినీ ఒకే రకం పెద్దమనుషులుగా చేసి ఇచ్చేవాడు. కొన్నేళ్ళకు చిన్నాయన కూడా అక్కడే ఫోటో తీయించుకున్నాడు. అదే కోటు, అదే తలపాగా, అదే పెన్సిల్.

నాయన ఫోటో అచ్చు కోసం శివకాశి పోయింది, తిరిగి రాలేదు. అచ్చు అరిగినప్పుడల్లా అక్కడి చిత్రకారుడెవరో పాత లేబుల్ చూసి కొత్తది గీసేవాడు. గీసినప్పుడల్లా కళ్ళు కాస్త పెద్దవయ్యేవి, బుగ్గలు కాస్త నిండేవి. గీసినవాళ్ళలో ఒక్కరూ మా నాయనను చూసినవాళ్ళు కారు. అంగట్లో గోడకు పూలదండ వేసి పెట్టిన పటం కూడా లేబుల్‌ని పెద్దది చేయించిందే. మా దగ్గర ఆయనది వేరే ఫోటో లేదు.

చిన్నాయన పెళ్ళయ్యాక అత్తగారి ఊరు శ్రీకాళహస్తిలో కుంకుమ, విభూతి అంగడి పెట్టుకున్నాడు. తగాదా ఏమీ లేదు, నవ్వుతూనే విడిపోయారు. నేను కాలేజీలో చేరిన ఏడు నాయన పోయాడు. అప్పటి నుంచి పండక్కీ పబ్బానికీ చిన్నాయన వచ్చి మా అంగట్లో నాయన కూర్చునే చోటనే కూర్చునేవాడు. నా ఉద్యోగానికి, నా పెళ్ళికి, నా పిల్లల పేర్లకు ఆయనే పెద్ద దిక్కు. బాగా ముసలివాడయ్యాకే ఆయన చనిపోయాడు. మా తమ్ముడు నాయన వ్యాపారాన్ని నిలబెట్టాడు, గుర్తును రిజిస్టర్ చేయించాడు, పెద్ద కొడుకునని నన్ను కూడా కాగితాల్లో భాగస్తుణ్ణి చేశాడు. నేను భూములు కొలిచే పనిలో ఉండిపోయాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం తమ్ముడు చిత్తూరు నుంచి తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. నేను అప్పటికే రిటైరై ఉన్నాను. వచ్చీ రావడంతోనే చొక్కా జేబులోంచి ఒక పొట్లం తీసి నా ముందు పడేశాడు.

"సూడన్నా. బంగారుపాళ్యంలో మామిడిపండ్ల ఫ్యాక్టరీ కాడ అంగట్లో, తలపాగాయన పొడి ఇయ్యప్పా అంటే ఇది ఇచ్చినాడు."

పొట్లం తీసుకుని చూశాను. అంచు పసుపు రంగు. 'ఇంటి పళ్ళపొడి' అని అక్షరాలు, ముఖం కింద సన్నగా చిన్నాయన పేరు.

"ఇది చిన్నాయన గదరా" అన్నాను.

"నీకు తెలుస్తాది, నాకు తెలుస్తాది. కొనేటోడికి ఏం తెలుస్తాది? ఆ అంగడోడు నా మొగం మీదనే చెప్పినాడు, కంపెనీ మారినట్టుండాది సార్, పొడి బాగుండాది అని."

పొడి చేసి అమ్ముతున్నది చిన్నాయన కూతురు. ఆయనకు ఒక్కతే సంతానం. నాకంటే చాలా చిన్నది, ఇప్పటికీ పాపా అనే పిలుస్తాను. భర్త పోయాక తండ్రి అంగట్లో కూర్చుంది. కుంకుమ వ్యాపారం సాగక, తండ్రి నేర్పిన పొడి మొదలుపెట్టింది.

"ఇంటి ఆడబిడ్డ మీద కోర్టుకు పోతావా?" అన్నాను.

"ఆడబిడ్డ గాబట్టే మూడు తూర్లు పోయి కాళ్ళు పట్టుకునేంత పని చేసినాను. మొగం మార్చు పాపా, పొడి నీ ఇష్టమొచ్చినంత అమ్ముకో అన్నాను. మా నాయన మొగం నేను పెట్టుకుంటే మీకేం నొప్పి అంటాది. నువ్వయితే ఏం చెప్తావు?"

ఆమె అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు.

చిత్తూరులో లాయరు దగ్గరికి తమ్ముడితో పాటు నేనూ వెళ్ళాను. మాటకు ముందు నవ్వే మనిషి. నేను రెండు పొట్లాలు ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టి, తేడాలు ఒక కాగితం మీద రాసుకుపోయాను. అంచు రంగు, అక్షరాలు, పేరు, ముక్కు, మీసం కొసలు. ఆయన కాగితం చదవకుండానే రెండో పొట్లం తీసి సొరుగులో పెట్టేశాడు.

"అట్లా పక్కపక్కన పెట్టి చూడకూడదు సార్. కోర్టు కూడా చూడదు."

"మరి ఎట్లా చూస్తుంది?"

"కొనేవాడు ఎట్లా చూస్తాడో అట్లా. ఆయన ఎప్పుడో ఒక పొట్లం కొన్నాడు. అయిపోయింది, పారేసినాడు. ఇప్పుడు అంగడి ముందర నిలబడుకోనుండాడు. చేతిలో పాత పొట్లం లేదు, తలకాయలో ఉండేదే. అదెంత ఉంటాది? అరాకొరా. తలపాగా, కోటు, మీసం, అంతే. ఆ అరాకొరా జ్ఞాపకంతో చూసినప్పుడు ఇది అదే అనిపించేదానికి అవకాశముండాదా లేదా, అంతవరకే లెక్క. మొత్తంగా చూడాల, ముక్కలు చేసి కాదు."

"సర్వేలో రెండు పటాలు పక్కన పెట్టకుండా గట్టు యాడుండాదో తేలదు" అన్నాను.

"ఇది గట్టు తగాదా కాదు సార్, తలకాయలో తగాదా. ఆడ రాళ్ళు పాతలేము."

ఆయన ఇంకా చాలా చెప్పాడు. కొనేవాళ్ళు ఎలాంటివాళ్ళో చూస్తారట. లక్షలు పెట్టి కారు కొనేవాడు పదిసార్లు తిప్పి చూస్తాడు. చిల్లర ఇచ్చి పళ్ళపొడి కొనేవాడు బస్సు హారన్ వింటూ చేయి చాపుతాడు. చదవను రానివాళ్ళు ఎక్కువగా కొనే సరుకైతే అక్షరాల తేడాకు విలువ తక్కువ, బొమ్మ పోలికకు విలువ ఎక్కువ. ఫలానా మనిషి మోసపోయాడని చూపించనక్కర్లేదు, మోసపోయే వీలుందంటే చాలు.

"ఆ అమ్మాయి మోసం చేయాలని పెట్టలేదు గదండీ" అన్నాను.

"ఎవరన్నారు చేసిందని? మంచి మనసుతో పెట్టినా జనం పొరబడితే పొరబడినట్టే. తండ్రి ఫోటో పెట్టుకునే హక్కు లేదని ఎవరూ అనరు. ఇంట్లో పెట్టుకోమను, అంగట్లో గోడకు పెట్టుకోమను. సరుకు మీద పెడితేనే కష్టం."

ఆ సాయంత్రం డైరీలో ఇవన్నీ వరసగా రాసుకున్నాను. నేను చదువుకునే రోజుల నుంచీ డైరీ రాసేవాణ్ణి. చివర ఒక మాట నా సొంతంగా చేర్చాను: చట్టం మనిషి జ్ఞాపకాన్ని మరీ తక్కువగా లెక్కేస్తోంది. అరాకొరా జ్ఞాపకం ఎవరికో ఉంటుంది, నాకు మాత్రం కాదనే నమ్మకంతో రాసిన మాట అది.

కేసు నడిచింది. నా సాక్ష్యం ముందుగానే కాగితం మీద దాఖలు చేశారు. కంపెనీ ఎట్లా మొదలైందో, ముఖం ఎప్పటి నుంచి వాడుతున్నామో అంతే. ఎదుటివాళ్ళ లాయరు ప్రశ్నలు అడిగే రోజు నేను తిరుపతి నుంచి మొదటి బస్సుకే చిత్తూరు చేరాను. హాల్లో వెనక బెంచీ మీద మా పాప కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. "టిఫిను తిన్నావా అన్నా?" అని అడిగింది. తిన్నానని చెప్పాను. తమ్ముడు గొంతు సవరించుకుని అటు తిరిగాడు.

ఆమె లాయరు కుర్రవాడు, తెలివైనవాడు. అతని ఎత్తుగడ నాకు తర్వాత అర్థమైంది. రెండు ముఖాలూ వేరువేరని నా నోటితోనే చెప్పించాలని అతని ఆలోచన. అక్షరాలు, అంచు కనపడకుండా రెండు తెల్ల అట్టలకు మధ్యలో గుండ్రంగా కన్నం కోసి, వెనక ఒక్కో పొట్లం అతికించి తెచ్చాడు. ముఖం తప్ప ఇంకేమీ కనపడదు. నేను చూడగానే ఇది మా నాయన, ఇది మా చిన్నాయన అంటాను. అప్పుడు, చూడండి, ముఖం ఒక్కటే చూసినా తేడా తెలుస్తోంది కదా అని అతను వాదిస్తాడు.

"మీ నాయన ముఖం మీకు బాగా తెలుసు" అన్నాడు.

"తెలుసు."

"మీ చిన్నాయనను ఆయన చివరిదాకా చూస్తూనే ఉన్నారు."

"చూస్తూనే ఉన్నాను."

"ఇద్దరినీ చూస్తే ఎవరు ఎవరో చెప్పగలరు."

"ఎందుకు చెప్పలేను?" అన్నాను. నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

అతను మొదటి అట్ట ఎత్తి పట్టుకున్నాడు. కన్నంలో ముఖం. కళ్ళ కింద సన్నటి మడత, తరాజు చూస్తూ చూస్తూ ఎవరో పిలిస్తే తలెత్తినట్టు ఉన్న చూపు. ప్రాణమున్న ముఖం. నా కళ్ళు తడిశాయి.

"మా నాయన" అన్నాను.

లాయరు అట్ట దించలేదు. "సార్, తొందరేం లేదు. బాగా చూసి చెప్పండి."

మా లాయరు లేచాడు. "అయ్యా, సాక్షి జవాబు చెప్పేసినాడు. కొనేవాణ్ణి బాగా చూసి చెప్పమనేవాడు అంగట్లో ఉండడు."

జడ్జిగారు మా లాయరును కూర్చోమన్నారు, ఎదుటి లాయరును కానివ్వమన్నారు. కుర్రవాడు రెండో అట్ట తీశాడు. ఈ ముఖం నునుపుగా ఉంది. పెద్ద కళ్ళు, నిండు బుగ్గలు, ఎక్కడా మడత లేదు. రోజూ చూసిన ముఖం.

"ఈయన?"

"ఈయనా మా నాయనే" అన్నాను.

అన్నాక నా మాట నాకే వినిపించింది. కుర్రవాడు ఏం చేయాలో తెలియక మొదటి అట్ట వెనక పొట్లాన్ని లాగాడు. పసుపు అంచు. చిన్నాయన పేరు. వెనక బెంచీ వైపు చూశాను. పాప నన్ను చూడటం లేదు. ఆ పొట్లాన్నే చూస్తోంది.

జడ్జిగారు నా జవాబును ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించి, నాకు తెలుగులో వినిపించి, ఇదేనా మీరు చెప్పింది అని అడిగారు. ఇదేనండి అన్నాను. సంతకం చేశాను.

వరండాలోకి రాగానే తమ్ముడు నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏం యాక్టింగ్ అన్నా! ఇంట్లో పొట్లం చూసీ చూడంగానే చిన్నాయన గదరా అన్నోడివి, ఈడ కండ్లలో నీళ్ళు గూడా తెచ్చినావే! నాకొక మాట ముందుగా చెప్పింటే నా గుండె ఆగుండదు గదా."

"రేయ్, ఆ రోజు కింద పేరు చదివి చెప్పినాను. నేను నిజంగానే..."

"నిజమే, నిజమే" అని నవ్వాడు మా లాయరు. "ఇన్నేళ్ళలో ఇట్లాంటి సాక్షిని చూడలేదు సార్. నేను నేర్పించుంటే కూడా ఇంత బాగా వచ్చుండదు."

ఇద్దరూ నవ్వుతున్నారు. మెట్ల మీద మా పక్కనుంచే పాప దిగి వెళ్ళింది. వాళ్ళ మాటలు ఆమె చెవిన పడ్డాయని నాకు తెలుసు.

ఆ తర్వాత చాలా రోజులు డైరీలు ముందేసుకుని కూర్చున్నాను. నాయన బతికున్న రోజులవి తీసి పేజీ పేజీ చూశాను. ఆయన దగ్గు ఉంది. ఆయన ఏ రోజు కాణిపాకం వెళ్ళాడో ఉంది. నన్ను ఎందుకు తిట్టాడో, ఎవరి పెళ్ళిలో భోజనం బాగాలేదన్నాడో, ఆఖరి జబ్బులో ఏం తిన్నాడో, ఏం వద్దన్నాడో అన్నీ ఉన్నాయి. ముఖం లేదు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఎవరు రాసుకుంటారు?

ఆలోచిస్తే పొరపాటు ఎట్లా జరిగిందో తెలిసింది. నాయన పోయాక ఆయన్ను నేను చిన్నాయన ముఖంలో చూసుకుంటూ పెరిగాను. అదే కుర్చీ, అదే తరాజు, మాటకు ముందు అదే గొంతు సవరింపు. చిన్నాయన ముసలివాడయ్యేకొద్దీ నా తలలో నాయన కూడా ఆయనతో పాటే ముసలివాడయ్యాడు. నాయన ఆ వయసుదాకా బతకనేలేదు. పాప తన పొట్లానికి అసలు ఫోటోనే కంప్యూటర్‌లో ఎక్కించి అచ్చు వేయించింది కాబట్టి అందులో ప్రాణం మిగిలింది. మాది గీసి గీసి బొమ్మయింది. ప్రాణమున్నదాన్ని చూసి నాయన అన్నాను. బొమ్మను చూసి అలవాటు కొద్దీ మళ్ళీ నాయనే అన్నాను. లాయరు చెప్పిన కొనుగోలుదారు, అంగడి ముందర ఒట్టి చేతులతో నిలబడినవాడు, నేనే.

తీర్పు మా వైపు వచ్చింది. కన్న కొడుకే రెండు ముఖాల మధ్య తేడా పట్టలేకపోయినప్పుడు బస్సు కోసం తొందరపడే మామూలు మనిషి పట్టగలడా అన్నది అందులో ముఖ్యమైన మాట. ఎవరి నాయన ముఖం వాళ్ళదే అయినా, దాన్ని సరుకు మీద పెడితే కొనేవాడు ఎవరి సరుకనుకుంటాడన్నదే చూడాలన్నారు. ఆమె ఆ ముఖంతో పళ్ళపొడి అమ్మకూడదు. అచ్చు వేసిన లేబుళ్ళన్నీ నాశనం చేయాలి.

చుట్టాల్లో కథ పాకిపోయింది. తిరుచానూరులో ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర మేనమామ వరస ఒకాయన విస్తరి మీదనుంచే అరిచాడు. "ఏమప్పా, సినిమాల్లో చేరాల్సినోడివి, రాళ్ళు పాతుకుంటా బతుకంతా ఎండలో మాడినావే!" బంతి బంతంతా నవ్వింది. నేను నటించలేదని చెప్పాలంటే మా నాయన ముఖం నాకు గుర్తు లేదని అంతమందిలో చెప్పాలి. చెప్పకపోతే ప్రమాణం చేసి అబద్ధమాడి ఆడబిడ్డ నోటి కూడు తీసినవాణ్ణవుతాను. పాయసం వచ్చేలోపే విస్తరి మడిచి లేచాను.

కొన్ని రోజులకు పాప ఫోను చేసింది. "లేబుళ్ళు కాల్చేదానికి మీ తరఫున ఒకరు ఉండాలంట. చిన్నన్న వద్దు. నువ్వు రా అన్నా" అంది.

శ్రీకాళహస్తిలో వాళ్ళ అంగడి వెనక చిన్న పెరడు, పెరటి గోడ దాటితే స్వర్ణముఖి ఇసుక. కోర్టు పంపిన కమిషనరు, ఒక లాయరమ్మ, వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కాగితాలు సర్దుకుంటోంది. గోడవారన లేబుళ్ళు కట్టలు కట్టి పేర్చి ఉన్నాయి. ఇంకా కత్తిరించని పెద్ద షీట్లు. ఒక్కో షీటు నిండా వరసలు వరసలుగా చిన్నాయన.

"ఇంక కాల్చేయొచ్చు" అంది లాయరమ్మ.

పొడి దంచే ఆడవాళ్ళు ఇద్దరు వెనక్కి జరిగారు. "అయ్య మొగానికి మేము నిప్పు పెట్టమమ్మా" అంది ఒకామె. "మాకూ పిల్లోళ్ళుండారు."

"చింపేసినా సరే."

"చింపేదా! అది ఇంకా పాపం గదమ్మా."

పాప నన్ను అంగట్లోకి పిలిచింది. స్టూలు జరిపి కూర్చోమంది. తను నిలబడే ఉంది.

"అన్నా, అప్పీలుకు ఇంకా టైముండాది. సంతకం పెడితే ఈ కాల్చేది గూడా ఆపిస్తానంటాడు మా లాయరు. నువ్వు వచ్చేదాకా పెట్టనన్నాను."

"ఎందుకు?"

"నిన్ను ఒక మాట అడగాల. నువ్వు కోర్టులో యాక్టింగ్ చేసినావా? చేసింటే చెప్పు, నేనేం అనను. పై కోర్టుకు పోతా, అంతే. మా నాయనను అబద్ధంతో పోగొట్టుకోను. నిజంగా గుర్తుపట్టలేకపోయింటే మాత్రం..." అని ఆగింది. "నువ్వే పట్టలేకపోతే ఇంకెవరు పడతారు? అప్పుడు వాళ్ళు చెప్పింది న్యాయమే గదా."

"నిజంగానే పట్టలేదు పాపా."

"ఊరకనే అంటాండావు. చిన్నన్న నవ్వింది నేను విన్నాను."

"వాడు నమ్మలేదు."

"అయితే పెదనాయన ఎట్లుండేవాడో చెప్పు. నేను సరిగ్గా చూడనే లేదు. ఆయన పోయినప్పుడు నేను నడిచేదాన్ని గూడా కాదంట."

నాయన చేతుల గురించి చెప్పాను, కావిమన్ను గోళ్ళలో ఎప్పటికీ పోయేది కాదని. లవంగం వాసన గురించి, మెట్లు ఎక్కేటప్పుడు మోకాలి మీద చేయి పెట్టుకోవడం గురించి, కోపమొస్తే గొంతు పెంచకుండా ఇంకా తగ్గించడం గురించి చెప్పాను. పంచె కట్టు, చెప్పుల చప్పుడు. పాప వింటోంది.

"మొగం చెప్పన్నా."

నోరు తెరిచాను. తలపాగా ఒకటే గుర్తుకొచ్చింది, ఆ కోటు గుర్తుకొచ్చింది. తలపాగా తీసి చూద్దామని లోపల ఎంత ప్రయత్నించినా దాని కింద ముసలి చిన్నాయనే ఉన్నాడు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఏం కనిపించిందో, కొంతసేపటికి తను కూడా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు గూడా అంతే అన్నా" అంది మెల్లగా. "కండ్లు మూసుకుంటే ఆ తలపాగానే వస్తాది. మా నాయన ఒక్కనాడన్నా తలపాగా పెట్టుకున్నాడా? ముసలితనంలో దగ్గరుండి చూసుకున్నదాన్ని నేను. అయినా పొట్లమే వస్తాది. వదినెకు చెప్తే నవ్వుతాదని ఎవరికీ చెప్పలేదు."

బయట లాయరమ్మ ఫోనులో ఎవరితోనో ఇంకో అరగంట పడుతుందని చెబుతోంది.

పాప లేచి దేవుడి గూట్లోంచి అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేను సంతకం పెట్టను. కానీ నిప్పు నువ్వే పెట్టాల. ఇంకెవరు పెడతారు?"

ఆమె ఏమంటోందో నాకు తెలుసు. చిన్నాయనకు కొడుకులు లేరు. ఆయన పోయినప్పుడు ఇదే ఊళ్ళో, ఇదే ఏటి ఒడ్డున తలకొరివి పెట్టింది నేనే. పెద్దవాడు నిండుగా బతికి పోయాడు, చేయాల్సిన పని చేస్తున్నాననుకున్నాను.

పెరట్లో కట్టలు విప్పి వదులుగా పేర్చారు. లాయరమ్మ తన కాగితంలో ఏదో రాసుకుని, కానీయండి సార్ అంది. ఒక మూల అంటించాను. మందపు కాగితం, ఒక్కసారిగా అంటుకోలేదు. పై షీటు అంచు నుంచి నల్లబడుతూ ముడుచుకుపోయేది. అది పోతే దాని కింద ఇంకొకటి, అవే వరసలతో, ఎడమకు తిరిగిన అదే చూపుతో బయటపడేది. వేడికి కాగితం వంగినప్పుడు ముఖాలు పక్కకు తిరిగినట్టు ఉండేవి. పొడి దంచే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయారు. పాప నా పక్కనే నిలబడింది. మండుతున్నది తన తండ్రి కదా, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆఖరిసారి చూసి గుర్తుపెట్టుకోవాలన్నట్టు రెప్ప వేయకుండా చూస్తోంది.

నేను చిన్నాయనను కాలుస్తున్నానని నాకు తెలుసు. లాయరమ్మ ఇచ్చిన కాగితం మీద అదే రాసుంది, దాని కింద సంతకం కూడా చేశాను. కానీ ఒక్కో షీటు నల్లబడబోయే ముందు, ఆ కళ్ళ కింద మడత కనిపించినప్పుడల్లా, లోపలినుంచి వచ్చి నోటి దగ్గర ఆగిన పిలుపు మాత్రం నాయనా అనే.